బాపు వైపు రాసిన వ్యాసం

నేను పాఠాలు చెప్పే ఇచ్చోడ బడిలో మధ్యాహ్నం కరెంటు పోయింది. తరగతి గదిలో పాత ఫ్యాన్ మెల్లమెల్లగా నీరసించి ఆగిపోయింది. పిల్లలంతా ఒక్కసారే ఉస్సురన్నారు. నాకు మాత్రం ఒళ్లు తేలికైంది. ఆ గరగర ఆగగానే తడిసిన నేల వాసన, దూరంగా రోడ్డు మీద లారీ హారన్, వెనక బెంచీలో ఎవరో బల్లను గోటితో గీస్తున్న చప్పుడు ఒక్కొక్కటే నా దగ్గరికి వచ్చాయి. చేతిలో సుద్దముక్కతో, చెబుతున్న వాక్యం మధ్యలోనే నిలబడిపోయాను. టీచర్‌కేదో అయిందని పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఏమీ కాలేదు. నేను ఆ కాసేపు మా ఊళ్లో, విమల టీచర్ ఇంటి వాకిట్లో ఉన్నాను, అంతే.

మాది కరీంనగర్ వైపు నేతపని వాళ్ల ఊరు. మరమగ్గాన్ని మా దగ్గర సాంచె అంటారు. కళ్లు తెరిచింది మొదలు సాంచెల చప్పుడే. మేం మాట్లాడుకోవడమంటే అరుచుకోవడమే. చుట్టాల ఇళ్లకు పోతే మీ పిల్ల ఎందుకలా కొట్లాడినట్టు మాట్లాడుతుందని మా అమ్మానాన్నలను, అంటే అవ్వను, బాపును అడిగేవాళ్లు. విమల టీచర్ బడిలో తెలుగు చెప్పి రిటైరై, మా వాడలోనే రెండు సాంచెల షెడ్లకు మధ్య ఇరుకైన ఇంట్లో ఒంటరిగా ఉండేవారు. ఆ మోతలో పాఠం చెప్పడం ఎవరి వల్లా కాదు. అందుకని ఆమె ఒక పద్ధతి పెట్టారు. కరెంటు పోయినప్పుడే పాఠం. గడియారంతో పని లేదు, గంట కొట్టేది లేదు. వాడంతా ఒక్కసారి నిశ్శబ్దమైందంటే మేం చేతిలో పని అక్కడే పడేసి ఉరికేవాళ్లం. ఊరు ఊరంతా కరెంటు వాళ్లను నోరారా తిట్టుకుంటుంటే, ఈ కోత ఇంకాస్త సాగాలని లోలోపల మొక్కుకున్నది మేమే. ఆ మాట ఇంట్లో పైకి అని ఉంటే వీపు విమానం మోత మోగేది.

టీచర్ గొంతు పెద్దది కాదు. గోడకు ఆనుకుని, పుస్తకాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని, పాతకాలపు కథలు నిదానంగా చదివేవారు. పసుపెక్కిన ఆ పేజీల్లోంచి ఎప్పటివో మనుషులు లేచి వచ్చి మా మధ్యలో చాప మీద సర్దుకుని కూర్చునేవారు. నాకు ఇప్పటికీ ఆ కథల్లోని ఇళ్లన్నీ ఆమె ఇల్లులాగే కనిపిస్తాయి. అప్పుడు నేను ఇంటర్ రెండో సంవత్సరం. ఎత్తుగడ, సంఘర్షణ, దృష్టికోణం, కొసమెరుపు, వీటికి నిర్వచనాలు రాయమని పరీక్షలో వచ్చేది. గైడులో ఉన్నదంతా బట్టీ కొట్టి గుక్క తిప్పుకోకుండా అప్పజెబితే ఆమె కళ్లు మూసుకునేవారు. ఒకరోజు, కోడలికి తిండి పెట్టకుండా ఏడిపించిన అత్త కథ చదివి, ఇప్పుడు దీన్ని అత్త వైపు నుంచి చెప్పమని నన్ను అడిగారు. అత్త చెడ్డది కదా టీచర్ అన్నాను. "చెడ్డదని కోడలంటది. అత్త ఏమంటదో చెప్పు బిడ్డా" అన్నారు. మళ్లీ కరెంటు పోయేదాకా, ఇంట్లో సాంచెకు కావలసిన నూలు కండెలు చుట్టుకుంటూ, ఆ అత్తతోనే కాపురం చేశాను. ఆమెకూ ఒకప్పుడు ఎవరూ కడుపునిండా పెట్టి ఉండరని, కుండలో గింజలు అడుగంటితే ఎలా ఉంటుందో ఆ ఇంట్లో ఆమె ఒక్కదానికే తెలుసని మెల్లగా తోచింది. అదే వెళ్లి చెబితే, దృష్టికోణమంటే ఇదే, ఇక ఆ గైడును పొయ్యిలో పెట్టమన్నారు.

వ్యాసాల సంగతి ఇంకో తమాషా. చెట్ల పెంపకం మీద రాయమన్నా, వార్తాపత్రికల మీద రాయమన్నా మేమందరం 'మానవుడు సంఘజీవి' అని మొదలుపెట్టేవాళ్లం. ఎవరు నేర్పారో తెలియదు, జిల్లా జిల్లా అంతా అలాగే రాసేది. టీచర్ మారుమాట లేకుండా మొదటి పేరా అంతా కొట్టేసేవారు. మొదటి పేరా అంటే గడప అవతల చెప్పులు విడవడమని, లోపలికి వచ్చి కూర్చున్నాకనే మాట మొదలుపెట్టాలని అనేవారు. మా వ్యాసాల్లో చాలావాటికి చెప్పులు తప్ప మనిషి ఉండేవాడు కాదు.

ఇంటర్ ఫలితాలు వచ్చాయి. కరీంనగర్‌లో డిగ్రీ చేసి, హాస్టల్లో ఉండి చదువుకోవాలని నా ఆశ. బాపు వద్దన్నాడు. తిట్టలేదు, కొట్టలేదు, వద్దని ఒక్క మాట అని సాంచె దగ్గరికి వెళ్లిపోయాడు. ఆ మోతలో ఇంక ఏం మాట్లాడినా వినపడదు. నేను అలిగాను, అన్నం మానేశాను. అవ్వ ఇటు నాకు, అటు బాపుకు చెప్పలేక నలిగింది. కోత వచ్చిన రోజు టీచర్ దగ్గరికి వెళ్లి, మీరొచ్చి మా బాపుకు చెప్పాలని బతిమాలాను. ఆమె మాట అంటే వాడలో అందరికీ గౌరవమే. ఆమె వస్తే పని అయిపోతుందని నా ధీమా. ఆమె రానన్నారు. నాకు ఏడుపొచ్చింది.

"వ్యాసమంటే మార్కులకు రాసుడు కాదు బిడ్డా. ఒక మనిషిని ఒప్పిచ్చుడు. నీ బాపుకు రాయి. కానీ ముందుగాల ఆయన దిక్కు రాయాలె. ఆయన విని, గిదే నేనన్నది అనాలె. గట్ల అనకుంటే నువ్వు ఆయన మాట ఇంకా ఇననట్టే."

కోపంగానే రాయడం మొదలుపెట్టాను. మొదటి ప్రయత్నంలో బాపు మూర్ఖుడిగా వచ్చాడు. చింపేశాను. రెండోసారి దేవుడిలా వచ్చాడు, అదీ అబద్ధమే. తర్వాత ఊరికే కూర్చుని ఆయన్ను చూశాను. అవ్వ కళ్లకు సన్న దారం ఆనడం లేదు. నేను వెళ్లిపోతే కండెలు చుట్టేవాళ్లు లేరు. కండెలు లేకపోతే సాంచె ఆగుతుంది. ఇదంతా నాకు తెలిసిందే. రాస్తూ రాస్తూ పోతుంటే తెలియనిది ఒకటి కలం కిందికి వచ్చింది. చదువుకున్న బిడ్డ తిరిగి వచ్చి ఈ చప్పుడులో కూర్చోదు. కూర్చోకూడదనే ఆయనకూ ఉంది. కానీ ఒకరోజు గడపలో నిలబడి, ఈ మోతలో మీరెట్లా బతుకుతున్నారని నేను అడుగుతానేమోనని ఆయనకు భయం. అది రాశాక కలం పక్కన పెట్టేశాను. నా వైపు రాయడానికి ఉంచుకున్న కాగితాలు అలాగే తెల్లగా ఉండిపోయాయి.

మరుసటి రోజు కోత మొదలుకాగానే పాఠానికి పోకుండా షెడ్డులోనే ఉండిపోయాను. బాపు చేతుల నూనె తుడుచుకుంటూ గడప మీద కూర్చున్నాడు. పైనుంచి రేకు సందుల్లో దూరిన ఎండలో నూలు దుమ్ము నెమ్మదిగా తేలుతోంది. రాసింది చదివాను. ఇన్నేళ్లలో ఆయనకు అరవకుండా ఏదైనా చెప్పడం అదే మొదటిసారేమో. ఆయన నా వైపు చూడలేదు, నేలనే చూస్తూ విన్నాడు. చివరి మాట అయ్యాక "గిదే నేనన్నది" అన్నాడు. అంతలోనే కరెంటు వచ్చింది. వాడలో సాంచెలన్నీ గొల్లుమన్నాయి. బాపు అలవాటు కొద్దీ లేచి మోటారు వేశాడు. మా సాంచె కూడా అందుకుంది. నేను కాగితాలు మడుచుకున్నాను, అయిపోయిందనే అనుకున్నాను.

మోటారు ఆగిపోయింది. కరెంటు ఉండగా బాపు సాంచె ఆపడం నేను అంతకుముందు చూడలేదు. కోతలో పోయిన పని రాబట్టుకోవడానికి అన్నం కూడా నిలబడి తినే మనిషి. దగ్గరికి వచ్చి, చుట్టుపక్కల మోతలో వినపడేలా నా మొహం మీదికి వంగి, "మిగిలింది సదువు" అన్నాడు.

మిగిలింది ఏమీ లేదు. ఇంకేం రాయలేదని అరిచాను. అయితే నోటితో చెప్పమన్నాడు. ఎత్తుగడ లేదు, ఉపసంహారం లేదు, నేర్చుకున్నదేదీ గుర్తుకు రాలేదు. నేను ఏడుస్తూనే మళ్లీ అరిచాను. "నాకు పోవాలని ఉన్నది బాపూ."

"నాకోసం గిన్ని కాయితాలు రాసి, నీకు గొక్క మాటేనా" అన్నాడు బాపు. అవ్వకు అద్దాలు చేయిద్దామని, పొద్దుమాపు కండెలు తానే చుట్టుకుంటానని, జర కష్టమే కానీ ఫికర్ చేయొద్దని చెప్పి మళ్లీ మోటారు వేశాడు. ఆయన ఏదో ఇంకా అన్నాడు. అది నాకు వినపడలేదు.

టీచర్‌తో ఇదంతా చెబితే శెభాష్ అనలేదు. నా వైపు ఒక్క వాక్యమే ఉందని సిగ్గుపడితే, ఆ ఒక్కటి దొరకడానికే మిగతాదంతా రాయడమని అన్నారు. ఇప్పుడు తెలుగు చెప్పుకుని బతుకుతున్నాను. పిల్లలకు ఎత్తుగడ, సంఘర్షణ అన్నీ చెబుతాను. వాళ్లు కూడా మానవుడు సంఘజీవి అనే మొదలుపెడతారు, నేనూ కొట్టేస్తాను. ఎవరితోనైనా తగాదా వస్తే, నోరు తెరిచే ముందు కాసేపు వాళ్ల వైపు వెళ్లి కూర్చుని వస్తాను. దీనివల్ల తగాదాలన్నీ ఆలస్యమవుతాయి, కొన్ని అసలు జరగవు.

పోయిన ఏడాది విమల టీచర్ చనిపోయారు. ఆమె పనిచేసిన బడిలో సభ పెట్టి నన్నూ మాట్లాడమన్నారు. ముందు రోజు కూర్చుని, ఆమె నేర్పినట్టే, మొదట అవతలి వైపు రాసుకున్నాను. అవతల ఉన్నది చావు. ఆమెకు వయసైంది. కాళ్లు కదలడం మానేశాయి. చూపు పోయి అక్షరాలు అందకుండా పోయాయి, చదవలేని పొద్దు ఎందుకని ఆమే చాలాసార్లు అనేవారు. చావు ఆమెను నిద్రలోనే, ఏ బాధా లేకుండా తీసుకుపోయింది. ఎక్కడా తప్పు పట్టలేకపోయాను. చావు కూడా విని, అవును, ఇదే నేనన్నది అనేలా రాశాను. మైకు ముందు నిలబడి అదంతా చదివాను. మిగిలింది చదవమన్నట్టు అందరూ నా వైపు చూస్తున్నారు. కాగితం పక్కన పెట్టి, నా వైపు మాట చెప్పాను.

"నాకు మా టీచర్ ఇంకా గావాలె."