పదకొండు పాటలు, పన్నెండు ముక్కలు

రికార్డింగ్ స్టూడియోలో ఆయన్ని అందరూ బ్లేడు బాబాయి అనేవారు. కొత్తగా వచ్చిన గాయకులు ఆ పేరు విని, ఈయన దొరికితే గంటలకొద్దీ మాట్లాడి ప్రాణం తీస్తాడేమోనని తప్పించుకు తిరిగేవారు. నిజానికి ఆయన నోట్లోంచి నాలుగు మాటలు రావడమే గగనం. టేపుల కాలంలో, తప్పు పాడిన చోట టేపును గడ్డం గీసుకునే బ్లేడుతో కోసి, అతుకు తెలియకుండా అంటించేవాడు. ఆ పనితనం తెచ్చిన పేరు అది. టేపులు పోయి కంప్యూటర్లు వచ్చినా పేరు మాత్రం ఉండిపోయింది.

నాలుగేళ్ళ కిందట ఆయనకు వినికిడి తగ్గడం మొదలైంది. ముందు గడియారం చప్పుడు పోయింది. తర్వాత ఇంటి కాలింగ్ బెల్లు. ఒకరోజు వయొలిన్ వాయించే అతను పై తీగ మీద కమాను లాగుతుంటే చెయ్యి కదులుతోంది గానీ నాదం లేదు. వైరు ఊడిందేమోనని లేచి వెళ్ళి చూశాడు. వైరు సరిగ్గానే ఉంది.

ఆ సంగతి ఎవరి చెవినా పడనివ్వలేదు. ముప్పై ఏళ్ళు చెవుల్ని నమ్ముకుని బతికిన మనిషి, యాభై ఆరో ఏట ఇంకే పనిలో చేరతాడు? మీటరు ముల్లు చూసి గొంతు హెచ్చుతగ్గులు పట్టుకోవడం, పెదాలు చూసి మాట పోల్చుకోవడం నేర్చుకున్నాడు. ఏమీ అందనప్పుడు నవ్వి, "అవునండి" అనేవాడు. చాలాసార్లు ఆ జవాబుతో గండం గడిచేది.

ఆ వారం సంగీతం టీచరమ్మ ఒకావిడ వచ్చి ఆల్బమ్ పాడి వెళ్ళింది. అరవై దాటిన మనిషి. మధ్యలో ఆపితే మళ్ళీ గొంతు అందుకోవడం కష్టమని వయొలిన్ తోడుగా పదకొండు పాటలూ ఒక్క బిగిన పాడేసింది. అంతా కలిపి గంటా రెండు నిమిషాల ఒకే ఫైలు. దాన్ని పాటకొక ట్రాకుగా విడదీసి ఇవ్వాలి. గురువారం సాయంత్రం ఐదింటికి వచ్చి తీసుకుంటానని చెప్పి, పాటల మొదటి మాటలు వరసగా రాసిన కాగితం ఇచ్చింది.

గురువారం ఓనరు బయటి పని మీద వెళ్ళాడు. బాబాయి ఒక్కడే కూర్చుని ఫైలు తెరిచాడు. పాట ఉన్నచోట తెర మీద గీత అలల్లా ఎగసిపడుతుంది, లేనిచోట చదునుగా ఉంటుంది. చదునుగా ఉన్న చోటల్లా కోసుకుంటూ పోయాడు. గంటలో పని అయిపోయింది. లెక్క చూసుకుంటే పన్నెండు ముక్కలు.

మళ్ళీ లెక్కపెట్టాడు. పన్నెండే.

ఎక్కడో పాట మధ్యలో కోశాడన్నమాట. ఎక్కడో తెలియదు. హెడ్‌ఫోన్ పెట్టుకుని వాల్యూమ్ చివరిదాకా తిప్పాడు. గోడ అవతల ఎవరో గొణుగుతున్నట్టుంది తప్ప మాట లేదు, రాగం లేదు. స్పీకరు ముందు మోకాళ్ళ మీద కూర్చుని దాని పొర మీద వేళ్ళు ఆనించాడు. వేళ్ళకు అదురు తెలుస్తోంది. అది పాట చివరి అదురో, నడిమి అదురో వేళ్ళేం చెబుతాయి? ఏదో ఒకచోట రెండు ముక్కలు అతికించి పదకొండు చేసి ఇచ్చేద్దామనుకున్నాడు. మౌసు మీద చెయ్యి వేశాడు కూడా. ఏ రెండు? చెయ్యి తీసేశాడు. కోత తెలియకుండా కోసేవాడని పేరు. ఇప్పుడు తనకే తెలియడం లేదు.

అప్పుడు భార్యకు ఫోన్లో రాశాడు. "ఒకసారి స్టూడియోకి రా."

ఆవిడ స్కూలు యూనిఫారాలు కుట్టే చోట పనిచేస్తుంది. పెళ్ళయిన ఇరవై ఏడేళ్ళలో ఆయన ఆవిణ్ణి పనిచోటికి పిలిచింది లేదు. ఏ గుండెనొప్పో వచ్చిందనుకుని, మెడలో కొలతల టేపుతోనే బస్సెక్కి వచ్చేసింది.

"ఏమైందండీ?"

ఆయన హెడ్‌ఫోన్ చేతికిచ్చాడు. "ఇది విని, ఎక్కడ పాట అయిపోతోందో చెప్పు."

ఆవిడ కాసేపు ఆయన మొహంలోకే చూసింది. తర్వాత ఆయనకు ఎదురుగా జరిగి, పెదాలు కనబడేలా మెల్లగా అంది. "మీకు వినబడట్లేదని నాకు తెలుసు."

"ఎప్పట్నించి?"

"మూడేళ్ళయింది. నేను ఊరికే గొంతు చించుకుంటున్నాననుకున్నారా? మీరే చెబుతారని చూస్తున్నా."

ఆయన తల దించుకున్నాడు. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది.

ఐదో ముక్క చివర ఆవిడ చెయ్యెత్తింది. "ఇక్కడ ఆగలేదండీ. కూనిరాగంలా సన్నగా వస్తూనే ఉంది. తర్వాత ముక్క దీందే." ఆయన రెండూ అతికించాడు. పదకొండయ్యాయి. హమ్మయ్య అని వెనక్కి వాలాడు. కానీ మొదటినుంచీ కాగితంతో సరిచూద్దామని ఆవిడే పట్టుబట్టింది. మూడో ముక్కలో రెండు పాటలున్నాయి. టీచరమ్మ ఊపిరి కూడా తీసుకోకుండా తర్వాతి పాట ఎత్తుకుంది. దాన్ని కోస్తే మళ్ళీ పన్నెండు. ఇంకోచోట ఇంకో తప్పుంది.

"నేను ఇచ్చేసేవాణ్ణి," అన్నాడాయన. "పదకొండయ్యాయి కదా అని ఇచ్చేసేవాణ్ణి."

వాళ్ళు చివరి పాట దగ్గర ఆ తప్పు పట్టుకునేసరికి నాలుగున్నర. వయొలిన్ ఆగిపోయి గొంతు ఒక్కటే మిగిలే ముందు చిన్న విరామం ఉంటే, అక్కడ కోసేశాడు. దాన్ని అతికిస్తుండగా తలుపు తెరుచుకుంది. టీచరమ్మ ముందే వచ్చేసింది. ఎడిటింగ్ కుర్చీలో, చెవులకు హెడ్‌ఫోన్, మెడలో కొలతల టేపుతో ఉన్న మనిషిని వింతగా చూసింది. ఏమీ అడక్కుండా వినడానికి కూర్చుంది.

మూడు పాటలు బాగానే సాగాయి. నాలుగో పాట మొదట్లో టీచరమ్మ మొహం ముడుచుకుంది. మూడో పాట కొసన నాలుగోదాని మొదటి అక్షరం ఇరుక్కుపోయింది.

"దీన్ని కోసింది ఎవరు?" అంది, తెర వైపు చూస్తూనే.

పెదాలు కనబడలేదు. బాబాయి నవ్వి, "అవునండి" అన్నాడు.

ఆవిడ ఇటు తిరిగింది. "ఎవరు కోశారని అడుగుతున్నాను."

ఈసారి అర్థమైంది. ఆయన భార్య ఏదో చెప్పబోయింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"నేనేనండి. నాకు వినబడదు. నాలుగేళ్ళ నుంచి."

టీచరమ్మ కుర్చీ పూర్తిగా ఆయన వైపు తిప్పుకుంది.

"మరి ఆ రోజు నేను పాడుతుంటే అద్దం అవతల తలూపారే?"

"ముల్లు చూసి ఊపానండి."

"అంటే నా పాట మీరు విననేలేదు."

"చూశానండి," అన్నాడాయన.

టీచరమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేదని తర్వాత భార్యతో అన్నాడు. టీచరమ్మ సంచి సర్దుకుని, ఫైలు మొత్తంగా ఇవ్వమని అడిగి, వేరే స్టూడియోకి పట్టుకెళ్ళింది. ఆ రెండు గంటలూ విని వెతికినదంతా దేనికీ కాకుండా పోయింది.

మర్నాడు ఓనరుకు తనే చెప్పాడు. ఓనరు తన స్నేహితుడి కొడుకే, చిన్నప్పుడు ఎత్తుకు తిప్పినవాడే.

"నాతో ఒక్కమాట ముందే చెప్పుంటే సరిపోయేది కదా బాబాయ్."

"చెబితే ఉంచుకునేవాడివా?"

ఆ నెలాఖరుతో పని పోయింది.

పై వారం భార్య పనికి సెలవు పెట్టి ఆయన్ని చెవుల పరీక్షకు లాక్కెళ్ళింది. చిన్న అద్దాల గదిలో కూర్చోబెట్టి చేతికి బటన్ ఇచ్చారు. శబ్దం వినబడినప్పుడల్లా నొక్కాలి. ఆయన చకచకా నొక్కుతున్నాడు. అప్పటిదాకా వచ్చిన ఫలితం చూసి పరీక్ష చేసే అమ్మాయి, మీవారి చెవులు బాగానే ఉన్నట్టున్నాయే అంది. భార్య అద్దంలోంచి ఒక నిమిషం గమనించింది. ఆ అమ్మాయి మీట తిప్పినప్పుడల్లా ఆయన కళ్ళు ఆమె చేతి మీదే ఉన్నాయి.

గది తలుపు తీసి లోపలికెళ్ళింది. ఆయన ఎదుట వంగి, పెదాలు కనబడేలా అంది. "ఇక్కడ కూడానా?"

"అలవాటైపోయిందే," అన్నాడాయన. "చూడకపోతే ఏమీ మిగలదు."

ఆవిడ కుర్చీని గోడవైపు తిప్పింది. ఆయన్ని భుజాలు పట్టి కూర్చోబెట్టి బయటికి వచ్చేసింది.

పరీక్ష మళ్ళీ మొదలైంది. ఆ అమ్మాయి మీట తిప్పింది. ఇంకా తిప్పింది. ఆయన వేలు బటన్ మీదే ఉంది. కదల్లేదు.