గంజి పెట్టిన గాజు గుడ్డ

మా చిన్నప్పుడు... వ్యాసర్పాడిలో మా ఇంటి పంచన నాయన కుట్టు మిషను ముందు కూర్చుని, గుడ్డ తెచ్చిన వాళ్ళందరికీ ఒకటే మాట చెప్పేవాడు. "నీళ్ళు చూడని గుడ్డకు కత్తెర చూపించగూడదు."

కొత్త గుడ్డ ఏదొచ్చినా ముందు గంగాళంలో నానాలి, దండెం మీద ఆరాలి... ఆ తర్వాతే కోత. అందుకే ఆయన కుట్టిన రవికె ఉతికాక బిగుతైందని ఎవరూ అనలేదు. పురసవాక్కం నుంచి కూడా పట్టు రవికెలు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చేవి. దానికి ఆయనకు కొంచెం గర్వం... మాకు బోలెడు.

అమ్మ తమ్ముడు మునిరత్నం మామ రాయపురం దగ్గర పడవలు బాగుచేసే షెడ్డులో వడ్రంగి. ఒకరోజు గోనెసంచిలో చుట్టిన గుడ్డ ఒకటి తెచ్చాడు. తెల్లగా పట్టులా మెరుస్తూ, ముట్టుకుంటే చల్లగా జారిపోయేది. "గాజుతో నేసింది బావా" అన్నాడు. నేను నమ్మలేదు. గాజు పగులుతుంది గానీ మడత పడుతుందా?

సంగతేమిటంటే, ఒక మోటారు పడవ అడుగు కారుతోంది. ఈ గుడ్డను దాని మీద పరిచి, రెజిన్ అనే బంక పూస్తే గట్టి పెంకులా అతుక్కుపోతుందట. ఓడలో వచ్చిన గుడ్డ అదొక్కటే. షెడ్డులో ఎవరు కత్తెర పెట్టినా అంచులు పోగులు పోగులుగా ఊడిపోతున్నాయి. "మా బావ కోస్తే ఒక్క పోగు గూడా కదలదు" అని మామ అందరి ముందూ మాటిచ్చి వచ్చేశాడు.

తడపొద్దని ఎవరూ చెప్పలేదు... గుడ్డను తడుపుతారని పడవల వాళ్ళకు తోచలేదు, తడపకుండా కోస్తారని నాయనకు తోచలేదు.

జారే పట్టుకు ఏం చేసేవాడో దీనికీ అదే చేశాడు. గంగాళంలో పల్చగా గంజి కలిపి, ముంచి, ఆరేశాడు. ఆరాక గుడ్డ అట్టలా బిర్రుగా నిలబడింది. అప్పుడు ఆయుధపూజనాడు బొట్టు పెట్టే పెద్ద కత్తెర తీశాడు. అంత అందమైన కోత నేను మళ్ళీ చూడలేదు... ఒక్క పోగు లేవలేదు. కత్తెర మాత్రం మొద్దుబారిపోయింది. సాన పట్టిస్తే సరిపోతుందిలే అన్నాడు.

మర్నాడు అమ్మ అదే గంగాళంలో మా బట్టలు తడిపింది. అవి వేసుకుని బడికి పోతే ఒళ్ళంతా సూదులు గుచ్చినట్టు దురద. మెడ, నడుము, చేతులు... గోకి గోకి దద్దుర్లు తేలాయి. టీచరమ్మ చూసి, "గజ్జి పుట్టిందా? పోయి ఆ మూల కూర్చో" అంది. పక్క పిల్లలు లంగాలు దగ్గరికి లాక్కున్నారు. భూమి చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది. ఇంటికొస్తే నాయనా గోక్కుంటున్నాడు, అమ్మా గోక్కుంటోంది. కారణం తెలియక వేపాకు నూరి పూసుకున్నాం.

బంక పూసిన మర్నాడు నాయన నన్ను వెంటబెట్టుకుని షెడ్డుకు పోయాడు. ఇస్త్రీ చొక్కా, గంజి పంచె... తన కోత నాకు చూపించాలని ఆశ. పడవ అడుగున ముక్కలన్నీ కొలిచినట్టు కూర్చున్నాయి. కానీ బంక తాగి, నూనె పడ్డ కాగితంలా తేటపడాల్సిన గుడ్డ తెల్లగా అలాగే ఉంది. సూపర్‌వైజరు ఒక అంచు పట్టి లాగాడు. పెనం మీది దోసెలా మొత్తం లేచొచ్చింది.

"దీన్నేం జేసినావయ్యా?" అన్నాడు.

"గంజి పెట్టినా సామీ" అన్నాడు నాయన, తప్పేమిటో తెలియక.

షెడ్డంతా నవ్వింది. సుత్తెలు కిందపెట్టి మరీ నవ్వారు. ఎవరో అరవంలో "గంజి టైలర్" అన్నారు. నాయన తానూ నవ్వబోయి ఆగిపోయాడు. మామ ఎటో చూస్తూ నిలబడ్డాడు. నాయన తల వంచుకోవడం నేను చూడటం అదే మొదలు... తలుచుకుంటే ఇప్పటికీ నా మొహం వేడెక్కుతుంది.

గంజి మాట అటుంచి, చెమ్మ తగిలినా ఆ గుడ్డ పనికిరాదని సూపర్‌వైజరు చెప్పాడు. దాని నూగు ఒంటికి అంటితే దురద అని కూడా. నాది గజ్జి కాదని అప్పుడు తెలిసింది... సంతోషం మాత్రం కలగలేదు.

మామను గాజు గుడ్డ అతికే ఆ కొత్త పని నుంచి తీసేసి, చెక్క పడవల పలకల సందుల్లో నీళ్ళు రాకుండా నార కుక్కే పాత పనికి పంపారు. ఆయన మా ఇంటికి రావడం మానేశాడు. ఆ పేరు మాత్రం షెడ్డు దాటి, వీధి దాటి బడిదాకా వచ్చింది... నేను గంజి టైలర్ కూతుర్నయ్యాను. నాయన తన పాత మాట చెప్పడం మానేశాడు. ఎవరైనా గుడ్డ తెస్తే తల ఎత్తకుండా, "తడపమంటారా?" అని అడిగేవాడు. అది వింటే నాకు ఏడుపొచ్చేది.

దీపావళికి ముందు మామ వచ్చాడు. చొక్కా గుడ్డ ఒకటి అరుగు మీద పెట్టి కూర్చున్నాడు. నాయన ఆ గుడ్డ వంకే చూస్తూ అడిగాడు... "తడపమంటావా?"

మామ లేచి లోపలికి పోయాడు. అమ్మ చింతపండుతో తోమి తోమి బోర్లించిన గంగాళం తెచ్చి, నీళ్ళు నింపి, గుడ్డను తన చేత్తోనే ముంచాడు.

"నీళ్ళు చూడని గుడ్డకు కత్తెరేంది బావా" అన్నాడు.

నాయన మొహం తిప్పుకుని దారపు ఉండ కోసం వెతికాడు. అది ఆయన ఒళ్ళోనే ఉంది.

ఇప్పుడు కాశిమేడు రేవులో ఎటు చూసినా ఆ గాజు గుడ్డతో చేసిన ఫైబర్ పడవలే... ఆ గుడ్డ తడపకూడదని అక్కడ అందరికీ తెలుసు. చొక్కాలేమో కుట్టి, మడిచి, అట్టపెట్టెలో వస్తున్నాయి. తడపమంటారా అని అడిగేవాళ్ళే లేరు.

మీ ఇంట్లో కూడా ఎవరికైనా ఇలాంటి పేరు ఒకటి అతుక్కుపోయి ఉంటే చెప్పండి... నేను మాత్రం నవ్వను.