అత్త గంపలో బాతులు

మొన్న హుకుంపేట సంతలో తడిసిన ఈకల వాసన తగలగానే, చిన్నప్పుడు మేనత్త వెంట నడిచిన కొండదారి గుర్తొచ్చింది.

మా పెరట్లో రెండు బాతులుండేవి. గుడ్డులోంచి వచ్చినప్పటి నుంచీ నేనే సాకాను. ఆ ఏడు అవి చోడి (రాగి) నారుమడిలో దూరి మొలకలన్నీ తొక్కేశాయి. అమ్మ విసిగిపోయి వాటిని అత్తకు ఇచ్చేసింది. అత్త వాటి కాళ్లకు తాడు కట్టి గంపలో పెట్టుకుంది. గుమ్మం దగ్గర అమ్మ ఏదో అడిగింది. నాకు అత్త జవాబే వినిపించింది.

"ఎల్లగానే కోసేత్తాను వదినా."

నేనూ వస్తానని మొండికేసి ఆమె వెంటపడ్డాను. కాఫీ తోటల్లో పొగమంచు కమ్మి అత్త వీపు తప్ప ఏమీ కనబడలేదు. గంపలో బాతులు అరిచినప్పుడల్లా గబగబా నడిచి ఆమెను అందుకునేదాన్ని.

తన ఇంటి వెనక పారే గెడ్డ దగ్గర అత్త గంప దించి, నడుముకు దోపుకున్న కత్తి తీసింది.

"వద్దత్తా!" అని కేకపెట్టి ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"ఏటే గుంటా, అలాగ ఒణికిపోతన్నావు? తాడు కొయ్యకపోతే ఎలాగ ఈదుతాయి?" అంది. నా మొహం చూడగానే ఆమెకు సంగతి అర్థమైంది. ఒక బాతు తాడు కోసి, కత్తి నా చేతిలో పెట్టి, పైన తన చెయ్యి వేసింది.

"రెండోది నువ్వు కొయ్యి."

బాతులు రెండూ నీళ్లలోకి దిగి, వెనక్కి చూడకుండా ఈదుకుంటూ పోయాయి.

తాళ్లు కాళ్లకు ఒరుసుకుంటాయేమోనని గుమ్మం దగ్గర అమ్మ అడిగిందట. నేనేం అనుకున్నానో అత్త ఎవరికీ చెప్పలేదు. ఆ పూట ఆమె వడ్డించిన కూరలో ఏముందో అడగకుండానే కడుపునిండా తిన్నాను.