మా ఊరికి ఆలస్యంగా వచ్చిన ఆదివారం

ఈ కింద రాసిందంతా అక్షరం పొల్లుపోని నిజం. బైబిలు మీద చెయ్యి పెట్టి చెబుదామనుకున్నాను. ఏం చెప్పబోతున్నావని అడిగి, విని, మా ఆవిడ దాన్ని తీసి అటక మీద పెట్టింది. అందుచేత పొయ్యి మీదున్న అన్నం కుండ మీద ఒట్టేస్తున్నాను. మా ఇంట్లో దాని మీద అబద్ధపు ఒట్టు వేసినవాడు లేడు.

అవి యుద్ధం రోజులు. తిరుచానూరు దాటి, స్వర్ణముఖి ఏరు అవతలికి పోతే పదకొండు ఇళ్ల మా పల్లె. పదకొండూ క్రైస్తవుల ఇళ్లే. తాటాకు గుడి ఒకటి ఉండేది. వారమంతా అది బడి, నేను పంతులును. ఆదివారం అది గుడి, నేను గంట కొట్టేవాణ్ణి. గంటంటే గంట కాదు, వేపకొమ్మకు వేలాడదీసిన రైలుపట్టా ముక్క. రోజుకో కాగితం చింపే క్యాలెండరు మా ఇంట్లో ఒక్కటే ఉండేది. ఊరికి ఆదివారం ఎప్పుడో చెప్పేది ఆ కాగితమూ, ఆ ఇనుప ముక్కా, నేనూ.

మా వాళ్లలో ఒక ఆచారం ఉండేది. ఆదివారం నాడు ఏ ఇంటి కోడి గుడ్డు పెట్టినా అది దేవుడిది. గుడిలో బల్ల పక్కనున్న గంపలో పెట్టాలి. ఆరాధన అయ్యాక ఆ గంప ఏటికవతల ఉండే పాస్టరు అయ్యగారింటికి పోయేది. మిగతా ఊరికి ఇందులో పెద్ద కష్టం లేదు. కష్టమంతా నాకే. మా పెట్ట ఆదివారం తప్ప గుడ్డు పెట్టేది కాదు.

"మీ పెట్ట బాప్తిస్మం పుచ్చుకున్నట్టుండాదే అల్లుడా. మా యింట్లో మనుసులకే అంత బక్తి లేదు" అనేవాడు పక్కింటి మామ.

ఆ ఏడాది కార్తీకంలో మా ఆవిడ ప్రసవించింది, ఆడబిడ్డ. అంతకుముందు పుట్టినవాడు నెల నిలవలేదు. ఈ బిడ్డకు పదో రోజు వచ్చేసరికి తల్లికి పాలు చాలడం లేదు. బిడ్డ ఏడ్చి ఏడ్చి, తర్వాత ఏడవడం కూడా తగ్గించింది. మంత్రసాని ముసలమ్మ తల్లి రెప్పలు విప్పి చూసింది.

"ఒంట్లో నెత్తురు లేదు నాయనా. రేషను నూకలకు పాలు యాడ వస్తాయి? గుడ్డు పెట్టు, మిరియాలేసి."

గుడ్డు ఎక్కడిది? అయిదు రోజులుగా ముసురు. ఏరు రెండు గట్లూ ఒరుసుకుని పారుతోంది. సంతకు పోయే దారి లేదు. తడిసిన కోళ్లన్నీ గుడ్లు మానేసి, చూరు కింద ముక్కులు వేలేసుకుని నిలబడ్డాయి.

ఆరో రోజు తెల్లారి వాన వెలిసింది. నేలలోంచి ఉసిళ్లు లేచాయి. మా పెట్ట వాటిని కడుపునిండా తిని, గంపలో కూర్చుని, గుడ్డు పెట్టి లేచింది. ఆ పురుగుల్ని ఎవరూ విత్తలేదు, ఎవరూ కోయలేదు. అడగని కోడికి అంత పెట్టినవాడు అడిగేవాళ్లను మరిచి ఉండడని నాకు తోచింది. ఇంత మంచి ప్రసంగం ఆ గుడిలో నేను వినలేదు, చెప్పలేదు. కానీ ఆ రోజు ఆదివారం.

నేను క్యాలెండరు కాగితం చింపలేదు. గంట కొట్టలేదు. గుడ్డు ఉడకబెట్టి, మిరియాలు చల్లి తీసుకుపోయాను.

"ఈపొద్దు ఆదివారం కాదా?" అంది మా ఆవిడ.

"శనివారం. కావాలంటే క్యాలెండరు చూడు."

ఆమెకు చదువు రాదు. గోడకేసి చూసింది, నాకేసి చూసింది, తినింది.

అంతలో వాకిట్లో పక్కింటి మామ. "ఏమప్పా, గంట కొట్టలే?"

"ముసురులో లెక్క తప్పినావు మామా. శనివారం."

"అట్లయితే సెనిక్కాయలు పీకల్సిందే. నేలలోనే మొలకలొస్తా ఉండాయి" అని మిగతా ఇళ్ల వాళ్లందరినీ వెంటబెట్టుకుని చేనికి పోయాడు. ఒక్క గుడ్డు కోసం ఊరంతా విశ్రాంతి దినం మీరడం అరుగు మీద కూర్చుని చూశాను.

మధ్యాహ్నానికి ఏటి ఉరవడి తగ్గింది. అయ్యగారు నడుముల్లోతు నీళ్లలో ఏరు దాటి, మూట నెత్తిన పెట్టుకుని వచ్చారు. గుడి తలుపు మూసి ఉంటే నేరుగా మా అరుగు దగ్గరికి నడిచారు.

"ఏం పంతులూ, జనం యాడ?"

"చేనికి పోయినారు. ఆదివారం రేపు కదా అయ్యగారూ."

ఆయన పంచె పిండుకుంటూ ఆలోచించారు. "ఏటికవతల ఈరోజే ఆదివారం. ఇవతలికి రేపు వస్తాదా?"

లోపల్నుంచి మా ఆవిడ బిడ్డనెత్తుకుని గడప దాకా వచ్చి, గోడకానుకుని నిలబడింది.

"గుడ్డు నేను తిన్నానయ్యగారూ. ఆదివారమని తెలిసే తిన్నా. ఈయప్ప గడ్డం గీసేది వారానికొక తూరి. పొద్దున్నే గీసుకోనొచ్చి శనివారమంటే నాకు తెలవదా?"

"తెలిసీ ఎందుకు తిన్నావమ్మా?"

"బిడ్డ ఏడ్సేది నిలిపేసింది. దేవునికి కోపమొస్తే నామీద రానీ."

అయ్యగారు అరుగు మీద కూర్చుని మూట విప్పారు. బైబిలు పక్కన, గడ్డిలో చుట్టిన గుడ్లు నాలుగు. ఏటికవతలి పల్లెలో ఆ పొద్దుటి గంపలోవి. తీసి ఆమె కొంగులో పెట్టారు.

"దేవుడు గుడ్లు తినడు తల్లీ. ఆయన పేరు చెప్పి ఇన్నాళ్లూ నేనే తింటా ఉండా" అని నావైపు తిరిగారు. "పోయి గంట కొట్టు. కాగితం గూడా చింపు."

జనం మోకాళ్ల దాకా బురదతో వచ్చి కూర్చున్నారు. ఆ రోజు గుడిలో తడిమట్టి వాసన, పచ్చి సెనిక్కాయల వాసన. నాలుగో గుడ్డు అయ్యేసరికి బిడ్డ మళ్లీ ఏడవసాగింది. ఆ ఏడుపుకు మేమిద్దరం మోకాళ్లూని స్తోత్రం చెప్పాం. ఆనాటి నుంచి ఈనాటి దాకా అది నోరు మూయలేదు.

ఇక ఒట్టు సంగతి. ఇందులో కల్పన ఒక్కటే. మా పెట్ట ఆదివారమే గుడ్డు పెట్టేదన్నది నేను అల్లింది. దానికి వారాల పట్టింపు లేదు. ఆ ముసురులో గురువారం కూడా ఒకటి పెట్టింది. నాకు ఆకలిగా ఉండి, బడి వెనకాల పుల్లలు ఊదుకుని, ఉడకబెట్టుకుని తిన్నాను. పెంకులు మట్టిలో పూడ్చాను. ఇన్నేళ్లలో మా ఆవిడకు ఇది చెప్పలేకపోయాను. ఆమెకు ఇప్పటికీ చదువు రాదు. బిడ్డకు వచ్చు. ఈ కాగితాలు దాని చేతికిచ్చి, అమ్మకు చదివి వినిపించమన్నాను.