ఇల్లు కట్టిన మేస్త్రీకి ఇచ్చిన మజ్జిగ

మా అన్న గుడియాత్తంలో మేస్త్రీ. తొరపాడిలో ఒకాయనకు ఇల్లు కట్టి ఇచ్చాడు. పని ముగిశాక ఆయన మిగతా డబ్బు ఇవ్వలేదు, ఫోన్ ఎత్తడం కూడా మానేశాడు. ఈ రోజు అన్నా నేనూ వేలూరులో లాయరును కలిశాం.

“నా బాకీ తీరేదాకా ఆ ఇంటిని పట్టి పెట్టేదానికి కాదా సార్?” అని అన్న అడిగాడు.

“మన చట్టంలో అట్లా లేదప్పా. అమ్మకుండా ఆపమని కోర్టును అడగొచ్చు. ముందు ఇంటి ఫోటోలు తీసుకోని రా” అన్నాడు లాయరు.

మేం తొరపాడి చేరేసరికి ఆ ఇంటి గుమ్మానికి మామిడాకులు కట్టి ఉన్నాయి. ఇల్లు అప్పటికే అమ్ముడుపోయింది. కొత్తగా దిగినావిడ, కట్టిన మేస్త్రీ వచ్చాడని తెలిసి సంతోషంగా లోపలికి పిలిచింది.

“గోడలు ఎంత నున్నగా ఉండాయి నాయనా! ఉండే నగలన్నీ అమ్మి కొన్నాము” అంటూ మజ్జిగ ఇచ్చింది.

అన్న మజ్జిగ తాగి, ఒక్క ఫోటో కూడా తీయకుండా బయటికి వచ్చేశాడు.

“ఆమెకు ఎందుకు చెప్పలేదన్నా?” అన్నాను.

“చెప్తే ఆయమ్మ యాడికి పోతాది?” అన్నాడు.

ఇంటికొస్తే ఆ ఇంటి పనిలో అన్న కింద చేసిన కూలివాళ్ళు తమ కూలి డబ్బుల కోసం అరుగు మీద ఎదురు చూస్తున్నారు. అన్న తన బైకు తాళం వాళ్ళలో పెద్దాయన చేతిలో పెట్టి, “అమ్మి పంచుకోండి మామా” అన్నాడు. ఆయన తలవంచుకుని తీసుకున్నాడు. తప్పు పట్టలేను, ఆయన ఇంట్లోనూ పొయ్యి వెలగాలి.

కట్టినవాడి కూలి తీరేదాకా ఇల్లు అమ్మకూడదనే చట్టం ఏ దేశంలోనైనా ఉందా? తెలిసినవాళ్ళు చెప్పండి. ఉంటే, అక్కడ మేస్త్రీలు కావాలేమో కూడా కనుక్కోండి.