పదమూడేండ్ల గుత్త

నిన్న ఆఫీసులో మా టైపిస్టు కవిత పెన్సిలు చెక్కుతుంటే ఆ చెక్కపొట్టు వాసన నా బల్ల దాకా వచ్చింది. చేతిలో ఉన్న ఒప్పంద పత్రం పక్కన పెట్టి లేచాను. కిటికీ దాకా వెళ్లాను, వచ్చి కూర్చున్నాను, మళ్లీ లేచాను. "ఏమైంది సార్, నీళ్లు కావాల్నా?" అని అడిగిందా అమ్మాయి. ఏమీ లేదన్నాను. దస్తగిరి సారు గుర్తొచ్చినప్పుడల్లా నాకిదే అవస్థ. ఒకచోట కుదురుగా కూర్చోలేను.

ఆయన కర్నూలులో మా హాకీ జట్టు కోచ్. నేను ఆ జట్టు మేనేజర్ని. సీమలో ఆరు జట్లతో కొత్తగా లీగు మొదలైన రోజులవి. నేను బీకాం చదివి, హాకీ కర్ర ఎటు నుంచి పట్టుకోవాలో కూడా తెలియకుండా ఆ ఉద్యోగంలో చేరాను. మొదటి రోజు నోటుబుక్కు తీసి ఆటగాళ్ల పేర్లు రాసుకోబోతుంటే సారు వచ్చి దాన్ని మూసేశాడు. "పేర్లు యాడికీ పోవులేప్పా. ముందు కాళ్లు చూడు" అన్నాడు. వారం రోజులు నన్ను ఎండలో గోల్ పక్కన నిలబెట్టి, ఎవరు ఏ కాలి మీద బరువు వేస్తున్నారో, ఎవరు వంగి లేవడానికి తడబడుతున్నారో నాతోనే చెప్పించాడు. తప్పు చెబితే "మొగం చూస్తాండావు నువ్వు" అని నవ్వేవాడు. మైదానం అంచున అటూ ఇటూ నడుస్తూ మాట్లాడే మనిషి. ఆయన మాట వినాలంటే మనమూ నడవాల్సిందే. చెవి మీద ఎప్పుడూ పెన్సిలు ముక్క ఉండేది. ఏ కాగితమిచ్చినా అంచున ఏదో ఒకటి రాయకుండా తిరిగి ఇచ్చేవాడు కాదు. నాకు ఒళ్లు మండేది. ఆ కాగితాలు మళ్లీ టైపు చేయించాల్సింది నేనే కదా!

మా జట్టుకు ప్రాణం ఓబులేసు. నేతపని చేసే ఇంటి పిల్లవాడు, బడి రోజుల నుంచీ సారు చేతిలోనే ఆట నేర్చుకున్నాడు. వాడికి ఇరవై ఏడేళ్లు వచ్చిన ఏడాది కడప జట్టు వాళ్లు మూడేళ్లకు, ఏడాదికి నాలుగు లక్షల చొప్పున ఇస్తామని కబురు పంపారు. వానొస్తే వాళ్ల నాన్న మగ్గం గుంతలోకి నీళ్లు దిగేవి. ఆ డబ్బుతో మిద్దె కట్టుకోవాలని వాడి ఆశ. మా జట్టు యజమాని నాపరాళ్ల వ్యాపారి, డబ్బుకు లోటు లేదు. చిక్కల్లా లీగు నియమంతోనే. ఏ జట్టయినా ఆటగాళ్ల జీతాలకు ఏడాదికి ఇంతకు మించి ఖర్చు పెట్టకూడదు. మా లెక్కలో మిగిలింది ఒక్క లక్ష.

అప్పుడు నా బుర్ర పాదరసంలా పనిచేసింది. ఒప్పందంలో ఉన్న మొత్తాన్ని ఏళ్లతో భాగించి, ఏడాది జీతం అంతే అనుకునేది లీగు. నేను పదమూడేళ్ల ఒప్పందం రాశాను. మొదటి మూడేళ్లు నాలుగేసి లక్షలు, తర్వాత పదేళ్లు పదివేల చొప్పున. మొత్తం పదమూడు లక్షలు, ఏడాదికి సరిగ్గా లక్ష. మూడేళ్లు ఆడించుకున్నాక వాడు మానేసినా మాకు పోయేదేమీ లేదు. యజమాని నా వీపు తట్టాడు. నేను నేల మీద నడవలేదా రోజు.

సారు ఆ కాగితం చదివి పెన్సిలు తీశాడు. ఒక్కో ఏడాది పక్కన ఓబులేసు వయసు రాసుకుంటూ పోయాడు. ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది, అట్లా ముప్పై తొమ్మిది దాకా.

"పొలాన్ని గుత్తకిస్తారు. మనిషిని గుత్తకు రాసినావే, ఏమప్పా?"

"గుత్త కాదు సార్, ఒప్పందం. ఆ చివరి పదేళ్లు ఉత్త కాగితమే."

"ఉత్త కాగితమైతే కొట్టెయ్యి."

నేను కొట్టెయ్యలేను. ఆ పదేళ్లు పోతే నా తెలివంతా పోతుంది. కాగితం వెనక్కి తీసుకున్నాను.

కడప వాళ్లు ఫిర్యాదు చేశారు. వాడు నలభై దాకా ఆడతాడని జట్టు వాళ్లు నిజంగా నమ్ముతున్నారా అని తేల్చడానికి లీగు కమిటీ మమ్మల్ని పిలిచింది. ముందురోజు సారు బస్సెక్కి ఓబులేసు ఇంటికి వెళ్లాడు. తాను రేపు ఏం చెప్పబోతున్నాడో వాడికి ముందే చెప్పాడు. వాడు కాళ్లావేళ్లా పడ్డాడట. "నీ మిద్దె కోసరం నేను అబద్ధం చెప్తే, రేపు నీ ఆట మింద చెప్పే మాట నువ్వెట్ల నమ్ముతావురా?" అన్నాడట సారు.

కమిటీ ముందుగా నన్నే అడిగింది. వెనక బెంచీ మీద ఓబులేసు ఉన్నాడు. వాడు పరుగెత్తి ఆగినప్పుడు కుడి మోకాలు ఒక్క క్షణం తడబడుతుందని నాకు తెలుసు. అది చూడడం నేర్పినాయన నా పక్కనే ఉన్నాడు. "ఆడతాడు సార్. వాడి ఒళ్లు అట్లాంటిది" అన్నాను. తర్వాత సారును అడిగారు. "ఆడడు. ముప్పై మూడు దాటితే శానా ఎక్కువ" అన్నాడాయన.

ఒప్పందం రద్దయింది. కడప జట్టు అప్పటికే ఇంకొకరిని తీసుకుని తన లెక్క నింపేసుకుంది. ఓబులేసు లక్షకే మా దగ్గర ఆడాడు. యజమాని సారును తీసేశాడు. సారు నందికొట్కూరు వెళ్లిపోతూ బస్టాండులో నాతో ఆ సంగతే ఎత్తలేదు. "ఎండలో టోపీ పెట్టుకోప్పా" అన్నాడంతే. తిట్టి ఉంటే బాగుండేది. ఇన్నేళ్ల తర్వాత కూడా నాకా కోపం పోలేదు.

ఇప్పుడు నేను ఒప్పందాలు రాసి ఇచ్చే పని చేస్తున్నాను. ప్రతి ఏడాది పక్కనా మనిషి వయసు పెన్సిలుతో రాసి, సంతకానికి ముందు పైకి చదివి వినిపిస్తాను. శానా నిఖార్సైన మనిషని నాకు పేరు. విన్నప్పుడల్లా సిగ్గుతో చస్తాను.

పోయినేడు సారు పోయాడు. ఓబులేసు రాలేదు. నెల తర్వాత కోయిలకుంట్లలో వాడి బట్టల అంగడికి వెళ్లి, ఎందుకు రాలేదురా అని నిలదీశాను. వాడు చీర మడత పెడుతూ తలెత్తకుండా చెప్పాడు.

"దుడ్లు పోయినందుకు గాదన్నా. నన్ను పెంచినాయన నోట్లో నుంచే ఆడడు అనే మాటొచ్చె. ఆడతాడని చెప్పినోడివి నువ్వొక్కనివే. మోకాలు పోయినాంక గూడా ఆ మాట పట్టుకోనే రెండేండ్లు పట్టీ కట్టుకోని ఆడినా."

కాఫీ చెప్పి వస్తానని లేచాడు. బల్ల పట్టుకుని, తర్వాత గోడ పట్టుకుని, కుడికాలు ఈడ్చుకుంటూ గుమ్మం దాకా వెళ్లాడు.

ఆ రోజు నేను చెప్పింది అబద్ధంరా అని చెప్పడానికి ఆ తర్వాత మూడుసార్లు కోయిలకుంట్ల వెళ్లాను. మూడుసార్లూ కాఫీ తాగి వచ్చాను.