చదివిన ఏళ్లు: సున్నా

నిరుడు వానాకాలం, అమీర్‌పేటలో ఒక కమ్యూనిటీ హాల్లో యూనివర్సిటీవాళ్లు నా నడుముకు బెల్టు కట్టి నడిపించారు. ముసలివాళ్లు ఎందుకు పడిపోతున్నారన్నది వాళ్ల పరిశోధన. నడుస్తుంటే ఒళ్లు ఎటు ఊగుతోందో ఫిజిక్సువాళ్లు చూస్తారట. మందులకు ఎంత పోతోందో ఎకనామిక్సువాళ్లు అడుగుతారట. జ్ఞాపకశక్తి సైకాలజీవాళ్లది, బీపీ, షుగరు డాక్టర్లవి. ఒక్క ముసలాణ్ణి నాలుగు శాస్త్రాలూ పంచుకున్నాయి. పరీక్షలన్నీ ఉచితమని నన్ను అక్కడికి లాక్కెళ్లింది నా పాత నేస్తం, బల్కంపేటలో ఉండే రిటైర్డ్ బస్సు కండక్టరు.

నేను ఉచితం కోసం వెళ్లలేదు. కొద్ది రోజుల ముందు మాసబ్ ట్యాంక్ దగ్గర బస్సు దిగి, ఎందుకు దిగానో తెలియక రోడ్డు పక్కన నిలబడిపోయాను. నా కుట్టు మిషను మీద మొదట కుట్టిన చొక్కా రంగు ఈ రోజుకీ చెప్పగలను. ఆ పూట ఏ పని మీద వచ్చానో మాత్రం ఎంతకీ గుర్తు రాలేదు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

జ్ఞాపకశక్తి పరీక్ష పెట్టింది ఒక పరిశోధక విద్యార్థిని, మాటతీరును బట్టి కోస్తా అమ్మాయి. ఐదు మాటలు చెప్పి గుర్తుంచుకోమంది. గడియారం బొమ్మ గీయమంది. వందలోంచి ఏడేసి తీసేస్తూ పొమ్మంది. ఆ తర్వాత మొదటి ఐదు మాటలూ అడిగింది. మూడు చెప్పాను. తక్కిన రెండూ ఎంత తడుముకున్నా చేతికందలేదు.

"బాగా చేశారు తాతగారూ. నార్మలే వచ్చింది."

"రెండు మర్చిపోయిన గదమ్మా?"

"మీరు స్కూలుకి వెళ్లలేదన్నారు కదండీ. చదువుకోనివాళ్లకి కొన్ని మార్కులు కలుపుతాం. అది రూలు."

ఒళ్లు మండింది. బడికి పోలేదు, నిజమే. మగ్గం ముందు నుంచి లేచి వచ్చి ఈ ఊళ్లో కుట్టు మిషను ముందు కూర్చున్నవాణ్ణి. నా దుకాణం కోచింగ్ సెంటర్ల సందులో ఉండేది. దుకాణాల బోర్డులు చూసి అక్షరాలు కూడబలుక్కున్నాను. పరీక్షలయ్యాక పిల్లలు గదులు ఖాళీ చేస్తూ పారేసిపోయిన తెలుగు మీడియం డిగ్రీ పుస్తకాలే ఆ తర్వాత నా చదువు. భౌతికశాస్త్రం, అర్థశాస్త్రం, మనోవిజ్ఞానం, ఏది దొరికితే అది. అర్థం కాకపోతే, ప్యాంటు పొడుగు తగ్గించమని వచ్చినవాణ్ణే నిలబెట్టి అడిగేవాణ్ణి. కొందరు చెప్పారు, కొందరు నవ్వారు. నవ్వినవాళ్లను కూడా మళ్లీ అడిగాను. అలా ఒక్కొక్క పేజీ పోగేసుకున్న తలకాయ ఇది. దానికి బిచ్చం వేసినట్టు మార్కులు వేస్తారా?

"డిగ్రీ అని రాయమ్మా," అన్నాను.

"సర్టిఫికెట్ ఉందాండీ?"

"మీరు చూసేది నాకెంత గుర్తున్నదనా, నా సర్టిఫికెట్‌కెంత గుర్తున్నదనా?"

నేస్తం తల కొట్టుకున్నాడు. "అరె భాయ్, పాస్ అయినవు గద! ఊకె మార్కులిస్తె వద్దంటవేంది? నేను పదో తరగతి చదివిన పాపానికి నాకు ఒక్కటి సుత కలపలే."

"నువ్వు జర నోరు మూస్కో."

అమ్మాయి వాళ్ల సారుకు ఫోను చేసింది. మాట్లాడి పెట్టేసి, బడిలో ఎన్నేళ్లు చదివారన్నదే కంప్యూటర్ తీసుకుంటుందని, నాకు సున్నాయేనని చెప్పింది.

"అట్లయితె నన్ను మీ పరిశోధనల నుంచి తీసెయ్యి. ఎప్పుడంటె అప్పుడు తప్పుకోవచ్చని పొద్దుగాల నువ్వే చదివి వినిపించినవు."

"పిచ్చి లేసిందా నీకు?" అన్నాడు నేస్తం. "ఎముకల స్కాను సుత ఫ్రీ అన్నరు. అది పోతది!"

"పోనీ." అమ్మాయి వైపు తిరిగాను. "బిందె మొదటి నుంచి సగమే ఉండె అనుకుంటె, సగం ఒలికిపోయినా నీకు తెల్వదమ్మా. నా తల నిండుగనే ఉండె. ఇప్పుడు కారుతున్నది. మాసబ్ ట్యాంక్ కాడ బస్సు దిగి, ఎందుకు దిగిన్నో తెల్వక నిలబడ్డ. నువ్వేమో నార్మల్ అంటున్నవు."

నేస్తం కుర్చీ నా పక్కకు జరుపుకున్నాడు. "నాకొక్క మాట చెప్పద్దా?" అన్నాడు, మెల్లగా.

అమ్మాయి నా పేరు కొట్టేసింది. నా కాగితం మాత్రం పక్కన పడేయలేదు. కలిపిన మార్కులు తీసేసి, మళ్లీ మొదటి నుంచి కూడింది.

"ఇది మా స్టడీలోకి రాదండీ. నేను డాక్టర్ని కూడా కాదు. కానీ డిగ్రీ చదివినవాళ్ల లెక్కన చూస్తే ఇది తక్కువే. పంజాగుట్ట ఆసుపత్రిలో నరాల డాక్టరు ఉంటారు, ఆయనకి చూపించుకోవాలి మీరు." కాగితం మీంచి తలెత్తింది. "భయంగా లేదా తాతగారూ?"

"మస్తు భయమైతున్నది. అయితె ఏంది? పోయేది నాది. ఎంత పోయిందో నాకు తెల్వాలె. పంజాగుట్టల ఆ డాక్టర్ ఏ రోజు కూసుంటడో అది చెప్పు."